పాత ప్రోగ్రాములను పారవేసే ముందు ఒకసారి చదవాలి

సంపాదకులు గారికి,
నమస్కారములు.

రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను ఆధునికీకరిస్తున్నామని, నిమిషానికి సుమారు 32 వేల టికెట్లు ఇస్తున్న ఆ వ్యవస్థ ఇకమీదట లక్షన్నరకు పైగా ఇవ్వగలుగుతుందని 2025లో రైల్వే శాఖ ప్రకటించింది. ఆ వార్త వచ్చిన నాటి నుండి, నేను ప్రోగ్రామర్‌గా పనిచేసి రిటైరైన సంగతి తెలిసిన ఇరుగుపొరుగు వారు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "ముప్పై ఏళ్ల నాటి సాఫ్ట్‌వేర్‌ను ఇంతకాలం ఎందుకు అట్టిపెట్టుకున్నారండీ? ఏనాడో తీసేసి కొత్తది రాయించవలసింది కదా?" బ్యాంకుల గురించి, ప్రభుత్వ కార్యాలయాల గురించి కూడా ఇదే మాట తరచుగా వింటున్నాను. పార్కు బల్ల మీద కూర్చుని దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త దీర్ఘమైనందుకు మన్నించగలరు.

నేను 1997లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. అంతకుముందు కొన్నేళ్లపాటు ఒక సహకార సంఘంలో పద్దులు రాసిన గుమాస్తాను. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలను తప్పుగా లెక్కకడతాయన్న భయంతో అమెరికా, ఐరోపా సంస్థలు కోబాల్ తెలిసిన వారి కోసం వెతుకుతున్న రోజులవి. మైత్రీవనం చుట్టుపక్కల మేడ మీది గదులన్నీ పాఠశాలలైపోయాయి. ఆ తరువాత పాతికేళ్ల ఉద్యోగంలో నేను ఆది నుండి అంతం దాకా సొంతంగా రాసిన ప్రోగ్రాములు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన కాలమంతా ఇతరులు, చాలాసార్లు నేను ఎన్నడూ ముఖం చూడని వారు, కొన్నిసార్లు అప్పటికే కాలం చేసిన వారు రాసిన కోడ్‌ను, అంటే ప్రోగ్రాం రాతను, చదవడంతో, మరమ్మతు చేయడంతో, పాత యంత్రాల మీది నుండి కొత్త యంత్రాల మీదికి తరలించడంతో గడిచింది.

రైల్వే సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో మా సికింద్రాబాదుకూ భాగముంది. రిజర్వేషన్ల కంప్యూటరీకరణ 1980ల నడుమ ఢిల్లీలో ఆరంభమైనా, దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో మరొకటి కలపడానికి వీలుగా రైల్వేల సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన 'కాన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్ 1994లో తొలిసారి అమలైనది సికింద్రాబాదులో. అది కేవలం టికెట్లు అచ్చువేసే యంత్రాంగం కాదు. జనరల్ కోటా ఎంత, మహిళలకు ఎంత, దారిలోని ఏ స్టేషన్‌కు ఎన్ని బెర్తులు, ఆర్‌ఏసీలో ఉన్నవారికి ఏ వరుసలో బెర్తు ఖరారు కావాలి, విజయవాడలో దిగిపోయేవారి బెర్తును అక్కడ ఎక్కేవారికి ఎలా ఇవ్వాలి, రైలు రద్దయితే ఎంత సొమ్ము తిరిగి చెల్లించాలి అన్న నిర్ణయాలన్నీ దాని లోపల ఉన్నాయి. అవన్నీ ఒకనాడు సర్క్యులర్లుగా వచ్చినవే. కాగితాలు అటకెక్కినా, వాటి సారాంశం మాత్రం కోడ్‌లో ఉండి రోజూ పనిచేస్తూనే ఉంటుంది.

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఈ లోపలి వ్యవస్థను పడగొట్టలేదు. దాని ముందు ఒక కొత్త వాకిలి కట్టారు. 2014లో ఆ వాకిలినే వెడల్పు చేశారు. తత్కాల్ వేళ ఆ వాకిట్లో తొక్కిసలాడినవారిలో నేనూ ఒకడిని కనుక అంతా సవ్యంగా జరిగిందని అనను. కాని ఒక్క రాత్రిలో మొత్తం మార్చేస్తామని రైల్వేలు పంతం పట్టకపోవడం వల్లనే, ఈ ముప్పై ఏళ్లలో యంత్రాలు ఎన్ని మారినా కోటాల లెక్క తారుమారు కాలేదని నా అభిప్రాయం.

పాత కోడ్‌లో ఏముంటుందో తెలియకుండా దాని మీద చేయి వేస్తే ఏమవుతుందో నా అనుభవంలోదే ఒకటి చెబుతాను. ఒక విదేశీ రుణ సంస్థ తాలూకు వడ్డీ లెక్కించే ప్రోగ్రాంను మా బృందం కొత్త భాషలోకి మారుస్తున్నది. అందులో ఒక వరుస ఖాతాలకు మాత్రం ఏడాదికి 365 రోజులకు బదులు 360 రోజుల లెక్కన వడ్డీ కడుతున్న షరతు కనిపించింది. పక్కన రాసినవారి పొడి అక్షరాలు, తేదీ తప్ప వివరణ ఏదీ లేదు. ఎవరో చేసిన పొరపాటై ఉంటుందని, మేము పెద్ద మేలు చేస్తున్నామన్న ధీమాతో దానిని "సరిదిద్దాము". నెలాఖరు స్టేట్‌మెంట్లు వెళ్లిన మూడోనాడు ఫిర్యాదులు వచ్చాయి. ఆ సంస్థలో అప్పటికే రిటైరైన ఒక పెద్దాయనకు ఫోన్ చేస్తే, అవి వేరొక సంస్థ నుండి కొన్న రుణాలని, పాత ఒప్పందం ప్రకారం 360 రోజుల లెక్కే కొనసాగించాలని రాతపూర్వకంగా ఒప్పుకున్నామని ఐదు నిమిషాల్లో చెప్పారు. ఆ ఒప్పందం కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ సంస్థలో దానికి మిగిలిన ఏకైక సాక్ష్యం మేము చెరిపేసిన ఆ రెండు వరుసలే.

పద్దులు రాసిన రోజుల్లో నాకు ఒక అలవాటు ఉండేది. పాత లెడ్జర్ నుండి కొత్త లెడ్జర్‌కు నిల్వలు ఎత్తి రాసేటప్పుడు, అంచుల్లో ఎర్రసిరాతో ఉన్న చిన్న రాతలను కూడా ఎత్తి రాసేవాణ్ని. కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆ బుద్ధి ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ సంఘటన తరువాత మా బృందం పెట్టుకున్న నియమం చాలా సాదాది. ఏ పాత ప్రోగ్రాంను ముట్టుకునే ముందైనా, గడచిన ఏడాదిలో దానికి అందిన నిజమైన లావాదేవీలను తీసుకుని, పేర్లు, చిరునామాలు తొలగించి, వాటికి పాత ప్రోగ్రాం ఇచ్చిన ఫలితాలను యథాతథంగా భద్రపరచాలి. ఆ తరువాత చేసే ప్రతి మార్పుకూ ఆ లావాదేవీలనే మళ్లీ నడిపి, ఫలితం పైసాతో సహా సరిపోతున్నదో లేదో యంత్రం చేతనే పోల్చి చూపించాలి. పాత ఫలితం తప్పుగా తోచినా సరే, ముందు దానిని ఉన్నదున్నట్టు పట్టుకోవాలి. అది నిజంగా తప్పేనా అన్నది తేల్చవలసినది వ్యాపారం తెలిసినవారు గాని ప్రోగ్రామర్లు కారు. మార్పును, దిద్దుబాటును ఒకేసారి చేయబోతే ఏ తేడా దేనివల్ల వచ్చిందో విప్పి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ పరీక్షలు రాయడానికి ఒక్కోసారి కొత్త కోడ్ రాయడానికి పట్టేటంత కాలం పడుతుంది. బడ్జెట్ తగ్గించమన్నప్పుడు అన్నిటికన్నా ముందు కత్తెర పడేది కూడా దీని మీదనే.

ఒక్క వారాంతంలో అంతా మార్చేయాలనుకున్నవారికి ఏమైందో చెప్పడానికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు కథ ఒకటి చాలు. ఆ బ్యాంకు ఒకప్పుడు లాయిడ్స్ సంస్థలో భాగం. విడిపోయిన తరువాత కూడా లాయిడ్స్ వారి కంప్యూటర్ల మీదనే, వారికి అద్దె చెల్లిస్తూ నడిచేది. 2015లో స్పెయిన్‌కు చెందిన సబాదెల్ బ్యాంకు దానిని కొని, తన సొంత సాఫ్ట్‌వేర్‌ను బ్రిటన్‌కు తగినట్టుగా మార్చి, 52 లక్షల మంది ఖాతాదారులను 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో దాని మీదికి తరలించింది. చిత్రమేమిటంటే ఖాతాల సమాచారం మాత్రం చక్కగానే తరలింది. తలుపులు తెరిచిన తరువాతనే కొత్త వ్యవస్థ ఆ భారాన్ని మోయలేకపోయింది. సుమారు 19 లక్షల మందికి తమ ఖాతాలోకి ప్రవేశమే దొరకలేదు, కొందరికి వేరొకరి ఖాతాల వివరాలు కనిపించాయి. పరిస్థితి పూర్తిగా చక్కబడడానికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది. నష్టం 33 కోట్ల పౌండ్లు, ప్రధాన కార్యనిర్వహణాధికారి పదవి పోయింది, 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.

2019 నవంబరులో వెలువడిన విచారణ నివేదికలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్ల (కంప్యూటర్లుండే కేంద్రాల) మీద ఏకకాలంలో నడవాలి. కాని భారం తట్టుకుంటుందో లేదో చూసే పరీక్షలు ఆ రెండింటిలో ఒకదాని మీదనే జరిగాయి. రెండూ ఒకేలా అమర్చి ఉంటాయని అనుకున్నారు, నిజానికి అలా లేవు. ఈ "అనుకున్నారు" అన్న మాట వెనుక, ముందుగా ప్రకటించేసిన తేదీ ఒకటి అధికారుల నెత్తిన కూర్చుని ఉంటుందని ఈ వృత్తిలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

దీనికి మారుగా మా వృత్తిలో స్థిరపడిన పద్ధతిని అర్థం చేసుకోవడానికి తెలుగువారు దూరం పోనక్కరలేదు. పల్లెల్లో పొలం గట్ల మీద తాటిచెట్టును పెనవేసుకుని పెరిగిన మర్రిని చూడనివారు తక్కువ. పిట్ట వేసిన గింజ తాటిమట్టల సందున మొలకెత్తి, వేళ్లు కిందికి దింపుకుని, ఏళ్ల తరబడి తాటిని ఆసరా చేసుకుంటూనే దాని చుట్టూ తన మానును కట్టుకుంటుంది. మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఆస్ట్రేలియా అడవుల్లో ఇటువంటి మర్రిజాతి చెట్లను చూసి, పాత వ్యవస్థను కొద్దికొద్దిగా మార్చే పద్ధతికి 2004లో దాని పేరే పెట్టాడు. పాత వ్యవస్థ ముందు ఒక పలుచని పొర వేసి, అన్ని అభ్యర్థనలూ దాని గుండా వెళ్లేటట్టు చేస్తారు. మొదట అవన్నీ పాత ప్రోగ్రాముకే వెళతాయి. తరువాత ఒక్కొక్క పనిని, చిరునామా మార్పు వంటి చిన్నదానితో మొదలుపెట్టి, కొత్తగా రాసి, ఆ అభ్యర్థనలను మాత్రం కొత్తదాని వైపు మళ్లిస్తారు. తేడా వస్తే మళ్లింపును వెనక్కి తిప్పితే సరిపోతుంది. డబ్బుతో, హక్కులతో ముడిపడిన పనులైతే పాతదానిని, కొత్తదానిని కొన్ని నెలలు పక్కపక్కనే నడిపి, ఒకే సరుకును రెండు కాటాల మీద తూచినట్టు ఫలితాలు పోల్చి చూస్తారు. జీతాలు, పింఛన్లు లెక్కించే వ్యవస్థల్లో కనీసం ఒక మార్చి నెలాఖరు ఈ జంట నడకలో గడవాలని నేను పట్టుబట్టేవాణ్ని, ఎందుకంటే ఆర్థిక సంవత్సరం చివరి రోజున మాత్రమే బయటపడే షరతులు మిగతా పదకొండు నెలల్లో నిద్రపోతూ ఉంటాయి.

అలాగని పాతదాన్ని దేనినీ తొలగించకూడదని నా ఉద్దేశం కాదు. వాడకం ఆగిపోయిన కోడ్‌ను ఊడ్చివేయకుండా వదిలేయడమూ ప్రమాదమే. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 2003లో వాడకం ఆపేసిన ఒక ప్రోగ్రాంను తన సర్వర్లలో అలాగే ఉంచింది. 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ ఎక్కించి, ఎనిమిదో దానిని మరిచిపోయారు. ఆ ఒక్క సర్వర్‌లో పాత ప్రోగ్రాం మేల్కొని, 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చిపెట్టింది. కోడ్‌ను మనుషులు చేత్తో ఒక్కొక్క యంత్రానికి మోసుకెళ్లడం, మరొకరు సరిచూడకపోవడం అక్కడి లోపాలు.

ఇక ప్రమాణాల సంగతి. సాఫ్ట్‌వేర్ జీవితచక్రానికి ఐఎస్ఓ 12207 అనే అంతర్జాతీయ ప్రమాణం 1995 నుండి ఉంది. నిర్వహణకు ప్రత్యేకంగా 14764 అనే మరొకటి ఉంది. అవి చెప్పే విషయాలు సబబైనవే: ప్రతి మార్పుకు ఒక అభ్యర్థన, దాని ప్రభావం ఎక్కడెక్కడ పడుతుందో విశ్లేషణ, మరొకరి సమీక్ష, పరీక్ష, ఆమోదం, నమోదు. మన కంపెనీల రిసెప్షన్ గోడల మీద చట్రాలు కట్టించిన ప్రమాణపత్రాలకు కొదవ లేదు. కాని ఆడిట్ వారం ముందు కూర్చుని, ఆరు నెలల కిందటి మార్పులకు సమీక్ష పత్రాలు తయారుచేసిన ఘనకార్యంలో నేనూ పాలుపంచుకున్నాను గనుక, పత్రం ఉన్నంత మాత్రాన పద్ధతి ఉన్నట్టు కాదని సిగ్గుపడుతూనే ఒప్పుకుంటాను.

ప్రమాణం లేకపోతే ఏమవుతుందో తెలుగు పాఠకులకు మన లిపి కన్నా మంచి ఉదాహరణ మరొకటి చూపలేను. భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే సంకేత పద్ధతిని 1991లో భారతీయ ప్రమాణంగా ప్రకటించారు. ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ అదే ఏడాది వెలువడింది, దాని తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికింది. అయినా చాలా ఏళ్లపాటు మన అచ్చు పనులు, కార్యాలయాల పనులు నడిచినవి ఎవరి సంకేతాలు వారివే అయిన ఫాంట్లతో. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో మన అక్షరాల ముక్కలు, గుణింతాల తోకలు కూర్చుని ఉంటాయి. ఫాంట్ ఉన్న యంత్రంలో అది తెలుగు, లేని యంత్రంలో పిచ్చిరాతలు. అందులో వెతకడం సాధ్యం కాదు, అకారాది క్రమంలో పేర్చడం సాధ్యం కాదు, ఇద్దరి పేర్లు ఒకటేనా అని పోల్చడం అంతకన్నా సాధ్యం కాదు. ఈ-గవర్నెన్స్‌కు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లో నిర్ణయించిన తరువాత కూడా పాత ఫైళ్లు పాత సంకేతాల్లోనే మిగిలిపోయాయి. మార్పిడి పనిముట్లు ఉన్నాయి గాని, వత్తులు, సున్నాలు అటూ ఇటూ అయితే మనిషి పేరే మారిపోతుంది కనుక, ఒక మనిషి పక్కన కూర్చుని చదవక తప్పదు. ప్రోగ్రాం ఇరవై ఏళ్లు బతికితే అది పుట్టించిన సమాచారం అరవై ఏళ్లు బతుకుతుంది. అందువల్ల ఏ ఆధునికీకరణలోనైనా ముందు చూడవలసినది తెర అందం కాక, సమాచారం ఏ సంకేతంలో, ఏ ఆకృతిలో నిలవ ఉంటున్నదన్నది.

రెండు వేల సంవత్సరపు ఆ తేదీల సమస్య, అంటే వైటూకే, అంతా ఉత్త హడావిడి అని, ఏమీ కాలేదు కదా అని ఇప్పటికీ కొందరు అంటారు. ఏమీ కాకపోవడానికి కారణం ప్రతి సంస్థలో ఉన్న ప్రోగ్రాముల పట్టిక రాసి, తేదీలున్న ప్రతి చోటునూ గుర్తించి, గడియారాలను ముందుకు జరిపి పరీక్షించిన లక్షల గంటల శ్రమ. కాకపోతే మేము తీసుకున్న అడ్డదారులు కూడా ఉన్నాయి. నాలుగంకెల సంవత్సరం పెట్టేటంత వ్యవధి లేనప్పుడు, సంవత్సరం చివరి రెండంకెలు 50 కన్నా తక్కువ ఉంటే రెండు వేలు, ఎక్కువ ఉంటే పందొమ్మిది వందలు అని ఊహించుకునే షరతు రాసి బయటపడ్డాము. అవి ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో ఎవరి దగ్గరా పూర్తి పట్టిక ఉండదు. దీనికి తోడు, కాలాన్ని 32 బిట్ల (అంటే పరిమితమైన చోటున్న) సంఖ్యగా దాచుకునే పాత వ్యవస్థల లెక్క 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. ఇరవై ఏళ్ల గృహరుణం ఈనాడు మంజూరు చేస్తున్న ప్రోగ్రాం ఆ తేదీని ఇప్పుడే దాటుతున్నది.

ఈ మధ్య కృత్రిమ మేధ పనిముట్లు కోబాల్‌ను జావా అనే కొత్త తరం భాషలోకి రోజుల్లో మార్చేస్తాయన్న ప్రచారం జోరుగా ఉంది. అవి చదవడంలో సాయం చేస్తాయనడంలో సందేహం లేదు. నా కాలంలో ఉంటే నాకు ఎన్నో రాత్రులు నిద్ర మిగిలేది. అయితే వరుసకు వరుస మార్చిన కోడ్ జావా వేషం కట్టిన కోబాలే అవుతుంది. మా వాళ్లు దానిని వేళాకోళంగా "జోబాల్" అంటారు, అది కోబాల్ తెలిసినవారికీ, జావా తెలిసినవారికీ అర్థం కాదు. పైగా ఆ 360 రోజుల షరతు ఏమిటో పనిముట్టు చెప్పగలదు గాని ఎందుకో చెప్పలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవారు ముందుకు రావాలని బహిరంగంగా కోరవలసి వచ్చింది. 1959లో పుట్టిన ఆ భాషకు 2023లో కూడా కొత్త ప్రమాణం వెలువడింది. కొరత ఏర్పడినది దానిని, దానిలో రాసి ఉన్న నియమాలను ఎరిగిన మనుషులకు.

కాబట్టి ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు ఇటువంటి పనులకు టెండర్లు పిలిచేటప్పుడు కొన్ని షరతులు చేర్చాలని కోరుతున్నాను. సోర్స్ కోడ్, దాని మార్పుల చరిత్ర, పరీక్షలు, వాటికి వాడిన సమాచారం అన్నీ కాంట్రాక్టర్ చేతిలో కాక శాఖ చేతిలో ఉండాలి. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరిచి పంచుకోవాలన్న కేంద్ర విధానం 2015 నుండి ఉండనే ఉంది. చెల్లింపులు ప్రారంభోత్సవ తేదీతో కాక, పాతదానితో ఫలితాలు సరిపోలి కొత్తదాని మీదికి తరలిన ఒక్కొక్క పనితో ముడిపడాలి. ఆ పనిని ఏళ్లుగా చేస్తున్న గుమాస్తాలకు, సూపరింటెండెంట్లకు బృందంలో జీతంతో కూడిన చోటు ఉండాలి. వారిని ఒక సమావేశానికి పిలిచి టీ ఇచ్చి పంపేస్తే ఆ 360 రోజుల సంగతి ఎప్పటికీ బయటపడదు.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. కొత్త సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవానికి వెళ్లినప్పుడు, ఎంత వేగమో, ఎన్ని కోట్లో అడిగిన తరువాత, పాత వ్యవస్థ ఇంకా ఎన్ని నెలలు పక్కన నడుస్తుందో, రేపు తేడా వస్తే వెనక్కి వెళ్లే దారిని ఎన్నిసార్లు నడిచి చూశారో కూడా అడిగి, ఆ జవాబును వార్తలో రాయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రోగ్రామర్,
సికింద్రాబాద్.